చేవెళ్ళ స్టూడియో పరదాకు ఒక మంచుకొండ

పద్దెనిమిదేళ్ళుగా నేను చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి చుట్టుపక్కల పెళ్ళిజంటలను మంచుకొండల మీద నిలబెడుతున్నాను. నమ్మకం లేకపోతే మీ ఆల్బమ్ తీసి చూసుకోండి. మాది చేవెళ్ళలో ఫోటో స్టూడియో. మా ఆయన పెళ్ళిళ్ళు తీస్తాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్ తయారుచేస్తాను. తలంబ్రాల ఫోటోలోంచి జంటను కత్తిరించి, వెనకాల నీలాకాశం, తెల్లకొండ, పచ్చటి దేవదారు చెట్లు పెట్టాలి. ఆ పేజీ లేకపోతే ఆల్బమ్ అయినట్టే కాదు మా దగ్గర. శంకర్‌పల్లి పక్కన ప్రొద్దుటూరులో టమాటా పండించే రైతు కొడుకైనా, మోకిల విల్లాల్లోని సాఫ్ట్‌వేర్ అమ్మాయైనా, ఆ పేజీలో అందరూ పట్టుబట్టలతో మంచులో నిలబడి నవ్వుతుంటారు. చలీ లేదు, వణుకూ లేదు. ఇంతా చేసి, మంచుకొండ ఎట్లా ఉంటుందో నేను కళ్ళతో చూసింది మాత్రం లేదు.

నిరుడు మోకిల నుంచి వాణి గారు వచ్చారు, కూతురి పెళ్ళి ఆల్బమ్ తీసుకోవడానికి. వాళ్ళది రాజమండ్రి. ఉద్యోగాల కోసం ఇటు వచ్చి పాతికేళ్ళు దాటినా మాటలో గోదావరి యాస పోలేదు. ఆ పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని, "ఈ కొండ ఎక్కడిదండీ? చాలా బాగుంది. వేసవిలో పిల్లల్ని తీసుకెళ్దామనీ" అన్నారు. అది ఎప్పుడో ఇంటర్నెట్‌లో దొరికిన కొండ. ఏ దేశానిదో నాకేం తెలుసు? మా ఆయన మాత్రం తడుముకోకుండా "కాశ్మీర్ మేడం" అనేశాడు. ఆమె సంతోషంగా తలాడించి వెళ్ళిపోయారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

"ఈసారి పుష్యమాసంల మనం మంచుకొండకు పోతున్నం" అన్నాను కంచం ముందు కూర్చుని. "నా చేత్తోని నేనే ఫోటో తీస్త. మన సొంత కొండ."

"నువ్వు కెమెరా ఎప్పుడు పట్టినవ్?" అన్నాడాయన.

"పట్టకుంటేంది? పద్దెనిమిదేండ్ల సంది నీ ఫోటోలు బాగుచేస్తున్నదెవరు?"

ఆయన నవ్వి చెయ్యి కడుక్కున్నాడు. అయితే బేరం ఒకటి పెట్టాడు. మా స్టూడియో లోపలి గదిలో ఒక గుడ్డ పరదా ఉంది, దాని మీద రంగులతో వేసిన మంచుకొండ. ఊళ్ళో సగం మంది దాని ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళే. వాన నీళ్ళు కారి కొండ కొస ఎప్పుడో చెరిగిపోయింది. నా ఫోటో బాగా వస్తే దాన్ని పెద్దగా గుడ్డ మీద అచ్చు వేయించి, మాఘమాసంలో లగ్గాలు మొదలయ్యేలోపు పాత పరదా తీసేసి అది కట్టాలి. రాకపోతే పాతదే ఉంటుంది. బాగా రాకపోతే బతికినన్నాళ్ళూ ఈయన నన్ను ఏడిపిస్తాడని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. అసలు మనసులో మాట ఇంకొకటి. మా ఆల్బమ్‌ల చివరి పేజీలో "ఫోటోలు" అని ఆయన పేరు ఉంటుంది. నా పేరు ఎక్కడా ఉండదు. ఒక్క ఫోటో, పూర్తిగా నాది, నా ఊళ్ళో గోడకు వేలాడాలని నాకు గట్టిగా ఉంది.

పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకు పుష్యమాసం అంటే బడిపిల్లలకు వేసవి సెలవుల్లాంటిది. ముహూర్తాలు ఉండవు, ఫోన్ మోగదు. ఆ రోజుల్లోనే హిమాలయాల్లో మంచు బాగా పడుతుంది కాబట్టి మా వృత్తివాళ్ళకు ఇంతకంటే కుదిరే కాలం లేదు. చలికోట్లు వాణి గారే ఇచ్చారు, అమెరికా వెళ్ళినప్పుడు కొన్నవట. తీసుకోవడానికి మోకిల వెళ్ళినప్పుడు ఉండబట్టలేక, ఆ కొండ కాశ్మీర్‌ది కాదని చెప్పేశాను. "నాకు తెలుసండీ! మా మేనల్లుడు చూసి స్విట్జర్లాండ్ అన్నాడు. మీరు బాధపడతారని ఊరుకున్నాను" అని పకపకా నవ్వారు. "చలంటే మన వికారాబాద్ చలి అనుకునేరు. చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకోండి."

చేవెళ్ళలో చీకటితోనే బయలుదేరి, మొయినాబాద్ దాటి, అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఆ వేళప్పుడు గంటలో శంషాబాద్ విమానాశ్రయం. మొయినాబాద్ దగ్గర చామంతి మూటలతో మార్కెట్‌కు పోయే ఆటోలు మా ముందు వరుసగా ఉన్నాయి. హెడ్‌లైట్ల వెలుగులో ఆ పసుపు చూసి మా ఆయన కారు అద్దం దించి మరీ ఒక ఫోటో తీశాడు. ఢిల్లీకి రెండుంపావు గంటలు. సాయంత్రం అక్కడి నుంచి మనాలికి బస్సు, తలకు పదిహేను వందల దాకా అయింది, చేరడానికి పన్నెండు పద్నాలుగు గంటలు పడుతుంది. చేరిన రోజు మంచానికి అంటుకుపోయాం. మీరూ అట్లాగే చేయండి, దిగీదిగగానే కొండెక్కితే తల పగిలిపోతుంది.

అసలు రోజు మరునాడు. పొద్దున ఏడింటికి టాషి అనే డ్రైవర్ హోటల్ ముందుకు వచ్చాడు. కొండకు అవతలి లాహౌల్ లోయ మనిషి, ముప్పై దాటి ఉంటాయి, నవ్వితే కళ్ళు కనబడవు. మనాలి నుంచి ఆ లోయలోని సిస్సు అనే ఊరి వరకు వెళ్ళి, రోజంతా మాతో ఉండి, తిరిగి తీసుకురావడానికి నాలుగున్నర వేలకు మాట్లాడుకున్నాం. ముందురోజు కొత్త మంచు పడితే చిన్నకార్లను ఆపేస్తారు, అప్పుడు పెద్ద బండి కావాలి, కిరాయి పెరుగుతుంది. దారిలో వరుసగా ఉన్న దుకాణాల్లో ఒకచోట రబ్బరు బూట్లు తీసుకున్నాం, జతకు రెండు వందలు. మా ఆయన కాలికి సరిపడేవి దొరకడానికే పావుగంట పట్టింది.

రోహ్‌తాంగ్ కనుమ కింద తవ్విన సొరంగం పొడవు తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. లోపల పసుపు దీపాలు. నేను కెమెరా ఒళ్ళో పెట్టుకుని, అవతల నీలాకాశం, తెల్లకొండ, పచ్చటి చెట్లు కనబడతాయని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. బయటికి రాగానే, అయ్యో రామా! నీలం లేదు, పచ్చ లేదు. ఆకాశం బూడిద, కొండ తెలుపు, కింద నది నలుపు. చెట్లకు ఆకన్నదే లేదు, గీతలు గీసినట్టు కొమ్మలు మాత్రం ఉన్నాయి. మబ్బు పట్టిన ఆ వెలుతురులో కొండ ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో కూడా తెలియలేదు.

"ఇదేందయ్య, ఎవరో రంగంత పిండేసినట్టున్నది!" అన్నాను.

"ఆల్బమ్‌ల నువ్వే గదా రంగులు బకెట్లతోని పోస్తవ్. ఇక్కడ పోసేటోళ్ళు లేరు మరి."

సిస్సులో జనం బాగా ఉన్నారు, మంచులో జారే బండ్లు, మ్యాగీ బండ్లు, పిల్లల కేకలు. ఫోటోలకు ఇది కుదరదని చెబితే టాషి ఇంకో నాలుగైదు కిలోమీటర్లు ముందుకు తీసుకెళ్ళి, నది మలుపు దగ్గర ఆపాడు. "మీరు మంచి రోజుల్లో వచ్చారు. ఇంకొన్ని రోజులైతే మా దేవతల పండుగ. అప్పుడు గోల పనికిరాదని ఊళ్ళోకి బయటివాళ్ళను రానివ్వం" అన్నాడు హిందీలో. మా దగ్గర కూడా ఈ నెలలో పెళ్ళిబాజా మోగదని నా హైదరాబాదు హిందీలో చెప్పాను. "అంటే అక్కడా ఇక్కడా దేవుళ్ళు పడుకునే టైమే" అని నవ్వాడు. మీరు జనవరిలో వెళ్ళేటట్టయితే ఆ రోజులు ముందే కనుక్కుని వెళ్ళండి.

అక్కడ కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతోంది. గాలి ఆగిపోయింది. ఎక్కడో మంచు కింద నీళ్ళు పారుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నేను తొడుగు ఒకటి తీసి, వేళ్ళు కొంకర్లు పోతున్నా ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. పదో పదిహేనో తీసి వెనక తెరలో చూసుకుంటే మంచు మొత్తం సిమెంటు రంగులో ఉంది. కంటికి తెల్లగా కనబడింది, ఫోటోలోకి వచ్చేసరికి మూడు రోజులు ఉతకని లుంగీలా ఉంది.

మా ఆయన భుజం మీదుగా తొంగి చూశాడు. నేను అడగకూడదనే అనుకున్నాను, కానీ ముఖం దాచుకోలేకపోయాను.

"పోచంపల్లి తెల్లచీరల ఉన్న పెళ్ళికూతురు ఫోటో తీసుకొస్తే నన్నేమంటవ్ నువ్వు?" అన్నాడు. "'ఏందయ్య, తెల్లచీరను బూడిద చీర చేసి తెచ్చినవ్' అని తిడతవా లేదా?"

"తిడత."

"గదే ఇది. అంత తెలుపు చూసి కెమెరా బెదురుతది. వెలుతురు ఎక్కువైందనుకోని తనే తగ్గించుకుంటది. నువ్వు జర పెంచు. ప్లస్ ఒకటిన్నర పెట్టు."

పెట్టాను. మంచు మంచులా వచ్చింది. పెళ్ళిచీరల విషయంలో ఆయన్ని ఎన్నిసార్లు ఆడిపోసుకున్నానో గుర్తొచ్చి నవ్వాగలేదు, ఆయనకూ ఆగలేదు. ఇది మీకూ పనికొస్తుంది. ఫోన్‌తో తీసినా సరే, తెర మీద వేలు పెట్టి వెలుతురు కాస్త పైకి జరపండి. బ్యాటరీలు చలికి చూస్తుండగానే అయిపోతాయి, రెండోది కోటు లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకోండి.

పదకొండున్నర దాటాక ఆకలికి, చలికి ఇంక నిలబడలేక రోడ్డు పక్కన ఉన్న చిన్న ధాబాకు వెళ్ళాం. నడుపుతున్నది ఒక పెద్దావిడ. మధ్యలో ఇనుప పొయ్యి, చుట్టూ బల్లలు. రాజ్మా, అన్నం, ఉప్పు వేసిన వెన్న టీ. మేము తెచ్చుకున్న పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, ఆమెకు కొంచెం పెడితే, నాలిక మీద వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంకొంచెం పెట్టమని గిన్నె చాపింది. లోపలికి వెళ్ళగానే కెమెరా అద్దానికి ఆవిరి పట్టేసింది, అది పోయేదాకా ముట్టుకోలేదు. తర్వాత మా ఆయన పొయ్యి పక్కన కూర్చుని నా ఫోటోలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూడసాగాడు.

"ఒక్కటి అడుగుత, కోపం చేయవు గదా?"

"అడుగు."

"అన్నిట్ల నడుమ జాగ ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

కెమెరా లాక్కుని చూశాను. నిజమే. ప్రతి ఫోటోలోనూ చెట్లు ఒక పక్కకు, నది ఇంకో పక్కకు, కొండ పైకి నెట్టేసి ఉన్నాయి. కింద నడిమధ్యలో, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి పక్కపక్కన నిలబడేంత శుభ్రమైన తెల్లటి ఖాళీ. ఒక ఫోటోలో మంచి బండరాయి ఉంది, దాన్ని కూడా సగానికి కోసి బయటికి నెట్టేశాను, జంట కాళ్ళకు అడ్డొస్తుందని! నా చెయ్యి తనంతట తాను ఆల్బమ్ పేజీ తయారుచేసుకుంటూ పోయింది. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు లేని పెళ్ళి పేజీలు అవన్నీ.

నవ్వొచ్చింది. నేను నవ్వుతుంటే ధాబా ఆవిడ కూడా వచ్చి చూసింది. "కొండ బాగానే ఉంది, మనుషులేరి?" అంది. టాషి ఆమెకు వాళ్ళ భాషలో వివరించాడు, ఆమె పొట్ట పట్టుకుని నవ్వి మళ్ళీ టీ పోసింది. కానీ లోపల నాకు బాగా కష్టమనిపించింది. ఇంత దూరం వచ్చి, కొండను కొండలా చూడడం కూడా నాకు చేతకాలేదు, ఇక ఫోటోగ్రాఫర్‌ను ఏమవుతానని ఏడుపొచ్చినంత పనైంది. ఆయన అది కనిపెట్టాడు.

"ఫికర్ చేయకు" అన్నాడు మెల్లగా. "ఇది గోడమీద బొమ్మ కోసమా, పరదా కోసమా? పరదాకైతే గిట్లనే గావాలె. నేనైతే చెట్టు నడుమల పెట్టి తీస్తుంటి. మరి మనుషులెక్కడ నిలవడాలె, నా నెత్తి మీదనా?"

నేను ఆయన ముఖంలోకి చూశాను, ఊరికే బుజ్జగిస్తున్నాడేమోనని. కాదు, నిజంగానే అంటున్నాడు.

"గానీ ఈ ఖాళీ తెలియకుండ వచ్చింది" అన్నాడు మళ్ళీ. "ఇప్పుడు తెలిసి ఇడిసిపెట్టు. వెలుతురు ఆ జాగల పడాలె."

మధ్యాహ్నం మళ్ళీ అదే మలుపుకు వెళ్ళాం. రెండున్నర ప్రాంతంలో మబ్బు పలచబడి, సూర్యుడు వెండి బిళ్ళలా కనబడ్డాడు. ఎండ అనలేం, నీడలు కూడా పడలేదు, మంచు మాత్రం లోపలి నుంచి వెలిగింది. ఎడమ పక్క ఆకుల్లేని పొప్లార్ చెట్లు నల్లటి గీతల్లా, కుడి పక్కకు నది, వెనక కొండ సగం మబ్బులో. మధ్యలో నా ఖాళీ. ఈసారి దాన్ని నేనే కొలుచుకుని పెట్టాను. ఎక్కడ వెలుతురు మెత్తగా పడుతోందో అక్కడికి వచ్చేదాకా అటూ ఇటూ జరిగాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. వాణి గారి అమెరికా కోటు తడిసిపోయింది. అంత ఆనందం నాకు ఈ మధ్యకాలంలో ఎప్పుడూ కలగలేదు. రంగు లేకపోవడం నాకు అప్పుడు లోటుగా అనిపించలేదు, ఏదో వచ్చి చేరడానికి ఆ కొండ చోటిచ్చినట్టు అనిపించింది.

ఇంతలో మా ఆయన చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, నది చూసుకుంటూ తాపీగా ఫోటోలోకి నడిచొచ్చాడు.

"జరుగయ్యా జరుగు! నా జాగల నిలవడకు!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి పక్కకు దూకి, తొడల దాకా మంచులో దిగబడిపోయాడు. టాషి వెళ్ళి చెయ్యిచ్చి లాగాడు. లాగి, నా వైపు తిరిగి, "మేడం, మీ ఇద్దరికీ ఒకటి తీయనా?" అని అడిగాడు.

"తర్వాత, తర్వాత. వెలుతురు పోతుంది" అన్నాను, కెమెరా మీంచి కన్ను తీయకుండా.

నాలుగింటికల్లా బయలుదేరాం. సాయంత్రం సొరంగం దగ్గర బండ్లు బారులు తీరతాయి, చీకటి పడితే రోడ్డు మీద మంచు గట్టిపడి జారుతుంది, అందుకని టాషి ఇంక ఆగనివ్వలేదు. బండి కదిలాక మా ఆయన నా చివరి ఫోటో చూసి, "పాత పరదా తీసేద్దాం" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, కళ్ళనీళ్ళు ఆయనకు కనబడకూడదని.

మాఘం మొదటి వారంలో కొత్త పరదా కట్టాం. అడుగున మూలకు చిన్న అక్షరాల్లో నా పేరు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెళ్ళికొడుకు తండ్రి దాన్ని చూసి, "గిదేంది చెల్లె, అంత మబ్బులెక్కున్నది? జర నీలం వెయ్యరాదు?" అన్నాడు. కొడుకు, కోడలు దాని ముందు నిలబడ్డారు. కోడలిది ఎర్ర అంచు పసుపుచీర, మెడలో చామంతి దండ. ఆ బూడిదా తెలుపుల ముందు ఆ పసుపు ఎంత వెలిగిందంటే ఆయన తనకూ ఒకటి తీయమని కండువా సర్దుకుని వచ్చి నిలబడ్డాడు.

తర్వాత రెండు రోజులకు కోట్లు తీసుకోవడానికి వాణి గారు వచ్చారు. పరదా చూసి, మూలకున్న నా పేరు చదివి, నా చెయ్యి పట్టుకున్నారు. "చాలా బాగుందండీ. మరి మీరిద్దరూ అక్కడ దిగిన ఫోటో చూపించండి."

కెమెరాలో వెతికాం, రెండు ఫోన్లలో వెతికాం. కొండలున్నాయి, నది ఉంది, టాషి ఉన్నాడు, ధాబా ఆవిడ పుంటికూర తొక్కు తింటూ ఉంది. మేమిద్దరం కలిసి ఉన్నది ఒక్కటీ లేదు.

"అయ్యో, ఫోటోలు తీసేవాళ్ళు కదండీ మీరు!" అన్నారు వాణి గారు. తర్వాత ఏమనుకున్నారో, ఉతికి మడతపెట్టి ఉంచిన కోట్లు తీసి మా చేతుల్లో పెట్టారు. "వేసుకోండి. నిలబడండి అక్కడ."

ఫిబ్రవరి ఎండలో, చేవెళ్ళలో, ఫ్యాన్ కింద, అమెరికా కోట్లు వేసుకుని నా కొండ ముందు నిలబడ్డాం. ఆ ఖాళీ ఇద్దరికి సరిగ్గా సరిపోయింది. మా ఆయన కెమెరా సర్ది ఆమె చేతికిచ్చి వచ్చి, ఎప్పట్లాగే ఒక జానెడు దూరంలో నిలబడ్డాడు. వాణి గారు కెమెరా కంటికి పెట్టుకుని, మా ఆయన ప్రతి పెళ్ళిలో అరిచే మాటను ఆయన గొంతుతోనే అరిచారు. "జర దగ్గరికి జరుగున్రి! నవ్వున్రి! ఇలాగే కదండీ మీరు మా అమ్మాయిని, అల్లుణ్ణి చంపుకుతిన్నారు!"

జరిగాం.

ఆ ఫోటో ఇప్పుడు స్టూడియోలో కౌంటర్ వెనక ఉంది. చూసినవాళ్ళు, "అక్క, మిమ్ముల గూడ నువ్వే అతికించుకున్నవా?" అని అడుగుతున్నారు. నిజంగా పోయి వచ్చామని చెబితే నవ్వుతున్నారు. నవ్వనీ. పద్దెనిమిదేళ్ళు వెళ్ళనివాళ్ళను వెళ్ళినట్టు చూపించాను, వెళ్ళొచ్చిన నన్ను చూసి ఎవరూ నమ్మడం లేదు, నాకూ చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ బూడిద వెలుతురు, మంచు కింద నీళ్ళ చప్పుడు, ఆయన తొడల దాకా దిగబడి చేతులు చాపిన తీరు నాకు గుర్తున్నాయి, అవి చాలు. ఇప్పుడు ఆల్బమ్‌లలో కూడా నా కొండనే పెడుతున్నాను. ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఊరు పేరు చెబుతున్నాను.

వెళ్ళేవాళ్ళకు నాది ఒక్కటే సలహా. డ్రైవర్ తనంతట తాను "మీ ఇద్దరికీ ఒకటి తీయనా" అని అడిగితే, ఉన్నపళంగా కెమెరా అతని చేతిలో పెట్టి వెళ్ళి నిలబడండి. ఆ రోజు టాషి అడిగినప్పుడు వెలుతురు పోతుందన్నాను. అది ఇంకో గంట ఉంది.